బాలల బుద్ధిని కొలిచిన బినే

పూర్వము మన పల్లెలలో ధాన్యమును మానికలతోను, తవ్వలతోను కొలుచుచుండిరి. అయితే ఒక ఊరి మానిక వేరొక ఊరి మానికతో సరిపోయెడిది కాదు. అందుచేత సంతలలో కొనువారికిని, అమ్మువారికిని తగవులు పుట్టుచుండెడివి. 1956 నాటి చట్టముతో దేశమంతటికిని మెట్రిక్ కొలతలు వచ్చిన తరువాతగాని ఆ చిక్కు తీరలేదు. ధాన్యమునకే ఇంత చిక్కు ఉన్నచో, పసిబిడ్డ బుద్ధిని కొలువదలచిన వానికి ఎన్ని చిక్కులు ఎదురగునో యోచింపుడు. బుద్ధి కంటికి కనబడదు. అది దినదినము పెరుగుచుండును. ఇంటింటికిని, భాషభాషకును దాని తీరు మారుచుండును. అట్టిదానిని ఏ మానికతో కొలువవలెను? ఈ ప్రశ్నకు సమాధానము వెదకుటలో తన జీవితములో అధికభాగము గడపిన మహనీయుడు ఆల్‌ఫ్రెడ్ బినే.

బినే 1857 జూలై 8వ తేదీన నీస్ నగరమున జన్మించెను. మధ్యధరా సముద్రతీరమందున్న ఆ నగరము అప్పటికి సార్డీనియా రాజ్యములోనిది. 1860లో ఫ్రాన్సు దేశమున చేరెను. ఆయన తండ్రి వైద్యుడు, తల్లి చిత్రకారిణి. బాల్యముననే తలిదండ్రులు విడిపోవుటచే బినే తల్లి పెంపకమున పెరిగెను. ఆమె కుమారుని పారిస్ నగరమునకు తీసికొనిపోయి లూయీ-ల-గ్రాన్ అను పేరుగల పాఠశాలలో చదివించెను. బినే 1878లో న్యాయశాస్త్ర పట్టము పొందెను. కాని న్యాయవాద వృత్తి ఆయన మనస్సునకు పట్టలేదు. వైద్యవిద్య నారంభించి, దానిని కూడ నడుమ విడిచిపెట్టెను. ఏ పనియు కుదురక ఖిన్నుడై యున్న ఆ దినములలో పారిస్ జాతీయ గ్రంథాలయమునకు పోయి మనశ్శాస్త్ర గ్రంథములను చదువ మొదలిడెను. గురువు లేడు, తరగతి లేదు. తనకు తానే గురువై ఆ శాస్త్రము నభ్యసించెను. ఆయన జీవితమార్గము ఆ గ్రంథాలయముననే తేటపడెను.

ఆ కాలమున పారిస్‌లోని సాల్‌పెత్రియేర్ వైద్యశాలయందు షార్కో అను ప్రసిద్ధ వైద్యుడుండెను. నరముల వ్యాధులను గూర్చి ఆయన చెప్పిన మాట ఐరోపా ఖండమంతటను ప్రమాణముగా చెల్లుచుండెను. బినే 1883 ప్రాంతమున ఆయన కడ చేరి, ఫెరే అను సహాధ్యాయితో కలిసి వశీకరణ నిద్రను గూర్చి ప్రయోగములు చేసెను. వశీకరణ నిద్రలోనున్న రోగి దగ్గర అయస్కాంతమును త్రిప్పినచో కుడిచేతి చలనము ఎడమచేతికి మారునని, దుఃఖము సంతోషముగా మారునని వారు ప్రకటించిరి. పెద్ద గురువు నీడన వెలువడిన మాట గనుక లోకము దానిని కొంతకాలము నమ్మెను.

కాని బెల్జియం దేశములోని లియేజ్ నగరమునుండి డెల్‌బెఫ్ అను పండితుడు వచ్చి ఆ ప్రయోగములను కన్నులార చూచెను. ప్రయోగము చేయువారు తాము కోరిన ఫలితమును రోగి యెదుటనే బిగ్గరగా చెప్పుకొనుచుండిరి. రోగి దానిని విని, తెలిసియో తెలియకయో అట్లే చేయుచుండెను. ఏమియు చెప్పక ప్రయోగము చేసినపుడు అయస్కాంతమునకు ఏ ప్రభావమును కనబడలేదు. బినే మొదట తన పక్షమునే వాదించెను. కాని తుదకు సత్యమునకు తలయొగ్గి, తన ప్రయోగములు దోషయుక్తములని బహిరంగముగా ఒప్పుకొనెను. పేరు సంపాదింప మొదలిడిన యువకునికి ఇంతకంటె అవమానము వేరొకటి లేదు. అయినను ఆ అవమానము ఆయనకు గొప్ప గురువయ్యెను. పరీక్షించువాని కోరిక పరీక్షింపబడువాని సమాధానమున దూరునను సత్యమును ఆయన అటుపిమ్మట ఎన్నడును మరువలేదు.

1884లో బినే లోర్ బల్బియానీ అను యువతిని వివాహమాడెను. ఆమె తండ్రి జీవశాస్త్ర పండితుడు. వారికి మాడ్‌లెన్, ఆలిస్ అను ఇరువురు కుమార్తెలు కలిగిరి. సాల్‌పెత్రియేర్‌ను విడిచిన బినేకు ఆ ఇరువురు పసికందుల ఆటపాటలే ప్రయోగశాల అయ్యెను. ఒకే తలిదండ్రుల బిడ్డలయ్యును వారి నడవడి వేరువేరుగా ఉండెను. ఒకతె నిదానించి, నిలుకడతో పనిచేయును. రెండవది చురుకైనది, ఊహలలో తేలిపోవును. బినే వారి యెదుట బిళ్లలను రెండు కుప్పలుగా పోసి ఏది ఎక్కువయని అడుగుచుండెను. లెక్కింప నేరని పసిపిల్ల బిళ్లల సంఖ్యను చూడక, అవి ఆక్రమించిన చోటును చూచి సమాధానము చెప్పెను. పెద్దబిళ్లలు తక్కువగా ఉన్నను అవియే ఎక్కువగా తోచెను. కత్తి యనగా నేమని అడిగినచో కోయుటకు పనికివచ్చునది యని చెప్పెనుగాని దాని ఆకారమును వర్ణింపలేదు. పసివాడు చిన్న ఆకారముగల పెద్దవాడు కాడనియు, వాని ఆలోచనకు వేరొక తీరు గలదనియు బినే గ్రహించెను. ఈ పరిశీలనలను ఆయన 1890లో ప్రకటించెను.

1891లో ఒక రైలు స్టేషనునందు బినేకు బోనీస్ అను పండితుడు తటస్థపడెను. ఆయన సార్బాన్ విద్యాలయమున మనశ్శాస్త్ర ప్రయోగశాలకు అధ్యక్షుడు. బినే జీతము లేకయే ఆ ప్రయోగశాలలో పనిచేయుదునని కోరి చేరెను. 1894లో దానికి అధ్యక్షుడయ్యెను. ఆ సంవత్సరమే కీటకముల నాడీమండలమును గూర్చి సిద్ధాంతగ్రంథము వ్రాసి డాక్టరు పట్టమందెను. 1895లో మనశ్శాస్త్రమునకు ఒక వార్షిక పత్రికను స్థాపించెను. అయినను తన దేశమున ఆచార్యపదవి ఆయనకు ఎన్నడును లభింపలేదు. రుమానియా దేశము ఆచార్యపీఠ మిచ్చెదమన్నను పారిస్‌ను విడువ నిష్టపడక నిరాకరించెను.

ఆ రోజులలో మనుష్యుని తల ఎంత పెద్దదైన అంత తెలివి యని పలువురు నమ్ముచుండిరి. బినే కూడ పాఠశాలలకు పోయి వందలకొలది బాలుర తలలను కొలిచెను. చురుకైనవారి తలలకును, మందులైనవారి తలలకును నడుమ కనబడిన భేదము ఇంచుమించు ఒక మిల్లీమీటరు మాత్రమే. అదియు అన్నిచోట్ల కనబడలేదు. అంతట ఆయనకు పాత అవమానము జ్ఞప్తికి వచ్చెను. ఫలానావాడు మందుడని ముందే తెలిసినపుడు తన చేయి తనకు తెలియకయే వాని తలను చిన్నదిగా కొలుచుచున్నదేమో యని అనుమానించి మరల సరిచూచెను. అనుమానము నిజమయ్యెను. మూడుసంవత్సరముల శ్రమ నిష్ఫలమైనను ఆయన విచారింపక, తలను టేపుతో కొలిచిన బుద్ధి తెలియదని స్పష్టముగా వ్రాసెను.

ఇంతలో ఫ్రాన్సు దేశమున ఒక గొప్ప మార్పు వచ్చెను. 1882 నాటి చట్టముచే 6 మొదలు 13 సంవత్సరముల వరకు గల బాలబాలికలందరికిని చదువు నిర్బంధమయ్యెను. అంతవరకు బడి ముఖమెరుగని పేదబిడ్డలు తరగతులలో వచ్చి కూర్చుండిరి. వారిలో కొందరు పాఠములను అందుకొనలేకపోయిరి. వారికి ప్రత్యేక తరగతులు పెట్టవలెనని ప్రభుత్వము తలపెట్టి 1904లో ఒక సంఘమును నియమించెను. బినే ఆ సంఘమున సభ్యుడు.

ఎవరిని ప్రత్యేక తరగతికి పంపవలెనను ప్రశ్న సులభమైనది కాదు. అల్లరి బాలుని వదిలించుకొన కోరు ఉపాధ్యాయుడు వానిని మందబుద్ధి యని చెప్పవచ్చును. ఒకే బాలుని చూచిన ఇరువురు వైద్యులు ఇరువిధములుగా నిర్ణయించుచుండిరి. ఒక్కసారి మందుడను ముద్ర పడినచో ఆ పసివాని బ్రతుకు దారి మారిపోవును. నిజముగా సాయము కావలసినవాడు మరుగున పడిపోవును. సాయము అక్కరలేనివాడు అవమానమున పడును. ఈ అన్యాయమును తొలగించుటకే బినే పూనుకొనెను. సిమోన్ అను యువవైద్యుడు ఆయనకు కుడిభుజముగా నిలిచెను. 1905లో వారిరువురు 30 చిన్న పరీక్షలుగల ఒక కొలబద్దను ప్రకటించిరి.

ఈ పరీక్షలు సులభమైన వానితో మొదలై క్రమముగా కఠినమగును. మొదటిది శిశువు యెదుట వెలుగుచున్న అగ్గిపుల్లను కదలించి, వాని చూపు దానిని వెంబడించునేమో చూచుట. వేరొక దానిలో చాకొలెట్ ముక్కను, అదే పరిమాణముగల కొయ్యముక్కను చూపి, శిశువు తినుబండారమును గుర్తించునేమో పరీక్షింతురు. ముక్కు, కన్ను, నోరు చూపుట. విన్న అంకెలను తిరిగి చెప్పుట. బొమ్మలోని వస్తువుల పేర్లు చెప్పుట. రెండు బరువులలో ఏది ఎక్కువయో తెలుపుట మొదలైనవి తరువాతివి. వీనికి పుస్తకమక్కరలేదు, కంఠపాఠమక్కరలేదు. బడిలో నేర్చినదానిని గాక బిడ్డకున్న వివేకమును చూచుటయే బినే ఉద్దేశము. పరీక్ష నిశ్శబ్దమైన గదిలో జరుగవలెను. బిడ్డను ఆప్యాయముగా పిలిచి బెరుకు పోగొట్టవలెను. సమాధానమును సూచించు మాట ఒక్కటియు పరీక్షకుని నోట రారాదు. సాల్‌పెత్రియేర్‌లో నేర్చిన పాఠము ఇచ్చట ఈ విధముగా ఫలించెను.

1908లో వారు ఈ పరీక్షలను 3 మొదలు 13 సంవత్సరముల వరకు వయస్సుల వారీగా అమర్చిరి. ఇందుకై పారిస్‌లోని సుమారు 200 మంది సామాన్య బాలబాలికలను పరీక్షించిరి. ఒక వయస్సు వారిలో అధికసంఖ్యాకులు చేయగలిగిన పనిని ఆ వయస్సునకు తగినదిగా నిర్ణయించిరి. మూడేండ్ల శిశువు తన ముక్కును, కన్నులను, నోటిని చూపవలెను, ఇంటిపేరు చెప్పవలెను. నాలుగేండ్లవాడు తాళపుచెవిని, కత్తిని, నాణెమును చూచి పేర్లు చెప్పవలెను. ఐదేండ్లవాడు చతురస్రమును చూచి గీయవలెను. నాలుగు నాణెములను లెక్కింపవలెను. ఏడేండ్ల బాలుడు ఐదేండ్లవారి పరీక్షలలోనే ఆగిపోయినచో వాడు రెండేండ్లు వెనుకబడెనని తెలియును. వానికి ఎట్టి సాయము కావలెనో యోచింప వీలగును. పసివారి వికాసమును వయస్సుతో పోల్చి చూపిన ఈ కొలబద్ద శాస్త్రలోకమున నూతనమైనది.

కీర్తి వ్యాపింప మొదలిడగనే అసలైన చిక్కు ఎదురయ్యెను. బెల్జియం దేశమున డెక్రోలీ, డెగాన్ అను ఇరువురు పండితులు బ్రస్సెల్స్ నగరమున ఈ పరీక్షలను జరిపిరి. అచ్చటి పిల్లలు పారిస్ పిల్లలకంటె సగటున ఒకటిన్నర సంవత్సరము ముందుండిరి. బెల్జియం వారు పుట్టుకతోనే తెలివిగలవారని తలచుటకు ఇది ఆస్కారమిచ్చుచుండెను. బినే అట్లు తొందరపడలేదు. తాను పరీక్షించినవారు పనిపాటలు చేసికొనువారి పేటలలోని బిడ్డలు. బ్రస్సెల్స్‌లోని వారు సంపన్నుల బిడ్డలు, ఖర్చుతో కూడిన పాఠశాలలో చదువుచున్నవారు. ఏ పరీక్షలలో వారు ముందుండిరో పరిశీలింపగా, ఇంటిలో వినికిడిచే అలవడు భాషకు సంబంధించిన వానిలో వారి ఆధిక్యము ప్రముఖముగా కనబడెను. పరీక్షలోని అంకె బిడ్డ బుద్ధిని మాత్రమేగాక వాని ఇంటిని, వాని భాషను, వాని తలిదండ్రుల స్థితిని కూడ కొలుచుచున్నదని బినేకు స్పష్టమయ్యెను. ఒకే పెంపకము గల బిడ్డలను పోల్చవచ్చునుగాని, వేరువేరు పరిస్థితులలో పెరిగినవారిని ఒకే అంకెతో పోల్చుట న్యాయము కాదని ఆయన భావించెను.

బుద్ధి పుట్టుకతో వచ్చి మరి పెరుగదను వాదము ఆయనకు కిట్టెడిది కాదు. వెనుకబడిన పిల్లల కొరకు ఆయన కొన్ని సాధనలు ఏర్పరచెను. వంకరయైన అవయవమును వైద్యుడు సరిచేయునట్లు, చెదరిన మనస్సును సాధనచే సరిచేయవచ్చునని ఆయన నమ్మిక. అందులో ఒక ఆట బొమ్మలవలె కదలక నిలుచుట. మొదట అందరును నవ్వుచు కదలుచుందురు. దినదినము సాధన చేయగా నిలుకడ వచ్చును. నిలుకడ వచ్చిన బిడ్డ వినును. వినిన బిడ్డ నేర్చుకొనును. 1905లో ఆయన పారిస్‌లోని ఒక పాఠశాలలో పరిశోధనశాలను నెలకొల్పి ఉపాధ్యాయులకు ఇట్టి విషయములను బోధించెను. 1909లో పిల్లలను గూర్చిన నూతన భావములతో ఒక గ్రంథమును ప్రకటించెను. 1911లో కొలబద్దను మరల సంస్కరించెను. ఆ సంవత్సరమే అక్టోబరు 18వ తేదీన, 54 ఏండ్ల వయస్సున, ఆయన పారిస్‌లో పరలోకగతుడయ్యెను.

ఆయన పోయిన మరుసటి సంవత్సరము జర్మనీలో విలియం స్టెర్న్ అను పండితుడు మానసిక వయస్సును అసలు వయస్సుచే భాగించు పద్ధతిని ప్రతిపాదించెను. ప్రజ్ఞాలబ్ధి అను మాట అందుండి పుట్టెను. అమెరికాలో గొడార్డు ఈ పరీక్షలను ఆంగ్లమునకు మార్చి వ్యాపింపజేసెను. న్యూయార్కు రేవులోని ఎల్లిస్ ద్వీపమున 1913లో ఆయన సహాయకురాండ్రు ఓడలు దిగిన వలసదారులలో కొందరిని పరీక్షించిరి. దూరప్రయాణముచే అలసి, భయపడి, ఆంగ్లమెరుగని ఆ దీనులకు దుబాసీల ద్వారా ప్రశ్నలు వేసిరి. యూదులలోను, ఇటలీ వారిలోను, రష్యా వారిలోను పరీక్షింపబడిన నూటికి సుమారు ఎనుబదిమంది మందబుద్ధులని తేల్చిరి! సాయము చేయుటకు పుట్టిన కొలబద్ద వెలివేయుటకు పనిముట్టయ్యెను. బినే జీవించి యుండినచో ఎంత బాధపడెడివాడో! గొడార్డు కూడ 1928లో తన పూర్వాభిప్రాయములు కొన్ని తప్పులని ఒప్పుకొనెను.

మన దేశమునకును ఈ కొలబద్ద వచ్చెను. 1920వ దశకమున లాహోరులో హెర్బర్ట్ రైస్ దానిని హిందుస్తానీకి అనుగుణముగా మార్చెను. తరువాత వి. వి. కామత్ మరాఠీ, కన్నడ భాషల బిడ్డలకు తగినట్లు సవరించెను. కేవలము మాటలు మార్చిన చాలదని, వస్తువులను, బొమ్మలను, ప్రశ్నల వరుసను కూడ మార్చవలెనని ఇట్టివారి కృషివలన తెలిసెను.

తెలుగు బిడ్డలు కూడ ఇట్టి ప్రపంచ పరిశీలనలో పాల్గొనిరి. యంగ్ లైవ్స్ అను పేర ఇథియోపియా, పెరూ, వియత్నాం దేశములతోపాటు నాటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2002లో ఒక దీర్ఘకాల పరిశీలన మొదలయ్యెను. మన రాష్ట్రమున సుమారు ఏడాది వయస్సుగల 2,000 మంది శిశువులను, ఎనిమిదేండ్లుగల 1,000 మంది బాలబాలికలను ఎన్నుకొని, ఏండ్ల తరబడి వారి పెరుగుదలను గమనించిరి. చిన్నవారికి ఐదేండ్లు వచ్చినపుడు ఒక మాట చెప్పి నాలుగు బొమ్మలలో సరియైన దానిని చూపుమని అడిగిరి. ఆ పరీక్ష అమెరికాలో పుట్టినది. తెలుగులోనికి మార్చినపుడు అచ్చట కఠినమైన మాట ఇచ్చట సులభము కావచ్చును. అచ్చట సులభమైనది ఇచ్చట వింత కావచ్చును. అందుచేత ఒక భాషవారి మార్కులను వేరొక భాషవారి మార్కులతో పోల్చరాదని ఆ పరిశోధకులే హెచ్చరించిరి. బ్రస్సెల్స్ ఫలితములను చూచి బినే గ్రహించినది ఇదియే కదా!

ఈ చిక్కును మీ ఊరిలోనే చూడవచ్చును. కాజీపేట-సికింద్రాబాదు రైలుమార్గము మీదనున్న రఘునాథపల్లిలోని ఐదేండ్ల బాలికను తలచుకొనుడు. తంగేడు పూవేదో, గునుగు పూవేదో ఆమె ఇట్టే చెప్పును. తాటిచెట్టును, ఈతచెట్టును దూరమునుండియే గుర్తించును. పియానో బొమ్మను చూపినచో మాటలాడక నిలుచును. పారిస్‌లోని ఐదేండ్ల బాలిక పియానోను గుర్తించి, తంగేడు పూవును చూచి తెల్లబోవును. వీరిలో ఎవరు తెలివిగలవారు? ప్రశ్నయే తప్పు. ఎవరికి ఏది చూడ, విన, ముట్ట అవకాశము కలిగెనో ముందు విచారింపవలెను.

అయినను అన్నియు దేశమునుబట్టి మారునని తలపరాదు. ప్రపంచ ఆరోగ్యసంస్థ 1997 మొదలు 2003 వరకు బ్రెజిల్, ఘనా, భారతదేశము, నార్వే, ఒమాన్, అమెరికా దేశములలో సుమారు 8,500 మంది శిశువులను పరిశీలించెను. మన దేశమున ఢిల్లీ శిశువులను ఎన్నుకొనిరి. తల్లిపాలు, మంచి ఆహారము, శుభ్రత, వైద్యము లభించినచో ఐదేండ్లలోపు బిడ్డలు అన్నిదేశములలోను ఇంచుమించు ఒకే రీతిగా పెరిగిరి. ఎదుగుదలలో మనము చూచు భేదములకు పుట్టుకకంటె పెంపకము, పేదరికము ముఖ్యకారణములని ఇందువలన తేటపడెను. ఆధారము లేకుండ నడచుట కొందరికి 8 నెలలకే, మరికొందరికి 18వ నెల సమీపించునప్పటికి వచ్చెను, ఇరువురును ఆరోగ్యవంతులే. కొందరు శిశువులు ప్రాకకయే నేరుగ నడచిరి. అందుచేత పొరుగింటి బిడ్డతో పోల్చి తల్లి తొందరపడి దిగులు చెందనక్కరలేదు. గడువు దాటినచో మాత్రము అశ్రద్ధ చేయక వైద్యునికి చూపవలెను. 2006లో వెలువడిన ఈ ప్రమాణముల ననుసరించియే మన అంగన్‌వాడీలలో బిడ్డల బరువును, ఎత్తును సరిచూచుచున్నారు.

బాలబాలికలారా! బినే జీవితమునుండి మనము గ్రహింపవలసినవి రెండు గలవు. ఆయన రెండుసార్లు పెద్ద పొరపాట్లు చేసి, రెండుసార్లును లోకమెదుట ఒప్పుకొనెను. ఒప్పుకొనుటచేతనే మూడవ ప్రయత్నమున సరియైన మార్గము దొరికెను. ఇది మొదటిది. కొలుచుట బిడ్డకు మేలుచేయుటకే గాని ముద్రవేయుటకు కాదు, ఇది రెండవది. మీ తరగతిలో వెనుకబెంచీ బాలుని మందుడని పిలువబోవుటకు ముందు, వానికి ఏది అందలేదో కనుగొనుటకు యత్నింపుడు. పారిస్ పేటలలోని పేదబిడ్డల కొరకు బినే చేసినపని అదియే.